చల్లారే దాకా

కొత్తకోటలో, చనిపోయిన తండ్రి వడ్రంగం చేసిన రేకుల షెడ్డులో, ఆయన సొంతంగా బిగించిన, కంప్యూటర్‌తో నడిచే సీఎన్సీ మిషన్ చెక్క మీద పువ్వు చెక్కుతూ మధ్యలో ఆగింది. దాని ముందు అక్కా తమ్ముడూ కూర్చున్నారు.

"అక్కా, మోటరు వణుకుతాంది గాని కదుల్తలేదు."

"దాన్ని నడిపించే డ్రైవర్ బోర్డు ముట్టుకో."

"కాలుతాంది."

"కరెంటు ఎక్కువ పోతాంది, గందుకే వేడెక్కి ఆగుతాంది."

"బాపు ఉన్నప్పుడు గూడ గిట్లనే ఆగుతుండె."

"'అలిసిపోయింది, చల్లారనియ్యిండ్రి' అని మనల్ని పక్కన కూసోబెట్టుకొని తన చిన్నప్పటి ముచ్చట్లు చెప్తుండె."

ఆమె మిషన్ బంద్ చేసి, కరెంటు తగ్గేలా బోర్డు మీది చిన్న స్క్రూ కొద్దిగా వెనక్కి తిప్పింది. చల్లారాక మళ్లీ మొదటి నుంచి నడిపించారు.

"పువ్వంతా అయిపోయింది. ఒక్కసారి గూడ ఆగలే."

"ఔ తమ్మీ. అప్పుడు గూడ గిట్ల ఆగకుంట నడిస్తే, బాపు ముచ్చట్లు మనకు సగం గూడ తెల్వకపోతుండె."