వెచ్చటిదా, చల్లటిదా

ఎల్లుండి తొమ్మిదేళ్ళ పిల్ల వచ్చి ఉండబోయే గది. ఖాళీ గోడ మీద ఆరు రంగుల మచ్చలు. వాటి ముందు టైలరమ్మ, ఆమె భర్త. నిచ్చెన మెట్టు మీద కూర్చుని పెయింటు మేస్త్రీ.

"కాదు మేస్త్రీ గారూ, దాని పక్కది. కాదు కాదు, దాని కింద."

"అమ్మా, కిందది నిన్న మీరు వద్దన్నదే. పైది మొన్న వద్దన్నది. వెచ్చటి రంగా, చల్లటి రంగా, ఆ ఒక్క ముక్క తేల్చండి. మిగతాది నేను చూసుకుంటా."

"చల్లటిదే."

"పొద్దున వెచ్చటిదన్నావు!"

"పొద్దున గోడ మీద ఎండ పడిందండీ. ఎండలో అన్నీ బాగానే ఉంటాయి."

"కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరక్కు, నాకు కళ్ళు తిరుగుతున్నాయి. ఒకచోట నిలబడి చూడు."

"నిలబడితే తోచట్లేదు."

"సారూ, అమ్మా, మధ్యాహ్నంలోపు మొదలెట్టకపోతే ఎల్లుండికి ఆరదు. రెండు కోట్లు పడాలి. ఊది ఆరబెట్టడానికి నేను మనిషిని, ఫ్యాన్ని కాదు."

"విన్నావా? ఆ లేత నారింజ వేసెయ్యమను. పిల్ల గది కళకళ్ళాడుతుంది."

"నారింజ వేస్తే గది ఇరుగ్గా కనిపిస్తుంది."

"ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పార్లెండి. ఆ బూడిద నీలమైతే కంటికి చలవ. పైగా ఏ గదికైనా నప్పుతుంది."

"ఏ గదికైనా ఏంటి? ఇది పాప గదేగా?"

"నేననేదీ అదే."

"నువ్వనేది అది కాదు."

"మేస్త్రీ గారూ, ఆ నీలంలో కొంచెం తెలుపు కలిపితే..."

"మాట మార్చకు. ఏ గదికైనా అంటే?"

"ఏ గదికైనా అంటే ఏ గదికైనా! రంగు సంగతి చెప్తుంటే ఊరికే గుచ్చి గుచ్చి అడుగుతారేం? సూదులతో బతికేది నేను, గుచ్చేది మీరు."

"ఈ గదిలోంచి తీసిన నీ కుట్టు మిషన్ని తలుపు పక్కనే ఎందుకు పెట్టావు?"

"ఇంకెక్కడ పెట్టను, నెత్తిన పెట్టుకోనా?"

"హాల్లో కిటికీ దగ్గర వెలుతురుంటుంది, అక్కడ పెడదామన్నాను. వద్దన్నావు. దారాల పెట్టె కూడా విప్పలేదు. వారం నుంచీ కట్టిన తాడు కట్టినట్టే ఉంది."

"టైం లేక."

"టైం లేకా? మళ్ళీ లోపలికి నెట్టెయ్యడానికి వీలుగానా?"

"సార్, నేనలా కిందికెళ్ళి టీ తాగొస్తా."

"మీరు కూర్చోండి మేస్త్రీ గారూ."

"కూర్చుంటానమ్మా."

"అవును, వీలుగానే! సరేనా? దాచడానికేముంది? ఒకసారి ఒకళ్ళింటికి వెళ్ళి, నెల తిరక్కుండానే అనాథపిల్లల హోమ్‌కి తిరిగొచ్చిన పిల్ల. ఆ ఇంటివాళ్ళేం రాక్షసులా? వాళ్ళూ మనలా ఆశపడి తెచ్చుకున్నవాళ్ళే. రేపు మనకీ కుదరకపోతే? ఆ నారింజ గోడల మధ్య కూర్చుని ఒక్కదాన్నే బట్టలు కుట్టుకోనా?"

"ఆర్నెల్లు కాళ్ళరిగేలా దత్తత కాగితాల చుట్టూ తిరిగింది నువ్వేగా!"

"తిరిగాను. కాగితాలంటే నాకేం భయం? ఆ పిల్లంటేనే భయం. మొన్న వెళ్ళినప్పుడు చూశారుగా. మీతో సైకిల్ గురించి మాట్లాడింది. నాతో? వెళ్ళగానే నమస్తే ఆంటీ. వచ్చేటప్పుడు నమస్తే ఆంటీ. గంటన్నర కూర్చుంటే రెండు నమస్తేలు."

"సిగ్గు. చిన్నపిల్ల."

"సిగ్గు కాదండీ. నన్ను తూకం వేస్తోంది. ఎన్ని గ్రాములు తగ్గానో ఏమో."

"అమ్మా, నేనొక మాట అననా? తప్పయితే నిచ్చెన భుజానేసుకుని పోతా."

"అనండి."

"ఇక్కడ పడుకునేది ఆ పాప. కళ్ళు తెరిస్తే ఈ గోడ చూడాల్సింది ఆ పాప. ఆ పాపని అడిగారా?"

"తొమ్మిదేళ్ళ పిల్లకి రంగుల గురించి ఏం తెలుసు?"

"మా మనవరాలికి ఆరేళ్ళమ్మా. ముప్పై ఏళ్ళ సర్వీసు నాది, నేను వేసిన గోడకి వంకలు పెడుతుంది."

"మేస్త్రీ చెప్పింది నిజమే. ఫోన్ చెయ్యి. హోమ్ మేడం ఈ టైంకి ఆఫీసులోనే ఉంటారు."

"మీరు చెయ్యండి. మీతో అయితే మాట్లాడుతుంది."

"నువ్వే చెయ్యి. స్పీకర్ పెట్టు."

"ఇప్పుడేనా?"

"కాదు, గోడ ఆరాక."

"చేస్తున్నా, చేస్తున్నా... హలో, మేడం? నేనండీ, టైలర్ని. అదే, ఎల్లుండి... ఆఁ. అయ్యో, లేదు లేదు, మనసేం మారలేదు, వస్తున్నాం. పాపతో ఒక్క మాట మాట్లాడొచ్చా?"

"ఉండండి, పిలుస్తా. పిచ్చుకా! నీకే ఫోను! మెల్లిగా రా, మెట్లు!"

"...హలో."

"నేనమ్మా. టైలర్ ఆంటీని."

"నమస్తే ఆంటీ."

"మూడోది."

"అబ్బ, కాసేపు నోరు మూసుకుంటారా!"

"నేనేం అనలేదు ఆంటీ. నమస్తే అన్నా, అంతే."

"అయ్యో, నిన్ను కాదమ్మా, అంకుల్ని. నువ్వు బానే అన్నావు. ఇదిగో విను. నీ గదికి రంగు వేయిస్తున్నాం. నీలం వెయ్యమంటావా, నారింజ వెయ్యమంటావా?"

"ఏదైనా పర్లేదు ఆంటీ."

"అలా కాదు. నీకేదిష్టం?"

"మీకేదిష్టమైతే అదే."

"నాకు తేలట్లేదు తల్లీ. అందుకేగా నిన్నడుగుతున్నా."

"ఎన్ని రోజులకి?"

"ఏంటమ్మా?"

"రంగు. ఎన్ని రోజులకి వేయిస్తున్నారు? ముందు వెళ్ళిన ఇంట్లో గులాబీ రంగు వేయించారు. ఆ వాసన పోకముందే నన్ను తెచ్చి ఇక్కడ దింపేశారు. ఊరికే వేయించాం, దండగైపోయిందని ఆ ఆంటీ మేడంతో అంటుంటే విన్నాను. కొన్ని రోజులకే అయితే వద్దాంటీ. ఇప్పుడున్న గోడ చాలు."

"ఆంటీ? ఉన్నారా?"

"ఉన్నా. ఉన్నానమ్మా."

"గొంతు అలా ఉందేంటి? ఏడుస్తున్నారా?"

"పెయింటు వాసన. కళ్ళు మండుతున్నాయి. ఎన్ని రోజులకంటే... నువ్వు పొడుగెదిగి, ఈ రంగు కాస్తా వెలిసిపోయి, ఛీ ఇదేం రంగు, నాకొద్దు, మార్పించమని నువ్వు నాతో పోట్లాడేదాకా. అప్పుడింకోటి వేయిస్తాం. అదీ వెలిసేదాకా ఉంటావు. ఆ తర్వాతా ఉంటావు."

"నేను పోట్లాడను ఆంటీ. చెప్పినమాట వింటాను."

"పోట్లాడొచ్చు. తలుపు ధడాలున వేసుకోవచ్చు. అలిగి ముసుగు తన్నొచ్చు. అయినా ఆ గది నీదే."

"పోట్లాడినా?"

"పోట్లాడినా."

"అంకుల్ కూడా ఒప్పుకున్నారా?"

"అంకుల్నే మాట్లాడుతున్నానమ్మా, ఒప్పుకున్నా. ఈ ఇంట్లో ఇన్నేళ్ళుగా రోజూ పోట్లాటే, నన్నెవరూ ఎక్కడికీ పంపించలేదు."

"మరైతే... ఒకటి చెప్పనా ఆంటీ? కోప్పడరుగా?"

"చెప్పు తల్లీ."

"మీరు చెప్పిన రెండు రంగుల్లో ఒక్కటి కూడా నాకు నచ్చలేదు."