కాగితం వెనక వైపు రాసిన ముప్పై నాలుగేళ్ళు

"మా పక్కింటాయన ఆఫీసుకెళ్ళి పొద్దస్తమానం పేపర్లు చదువుతాడట, దానికి జీతం కూడా ఇస్తారట" అని మా ఆఫీసు పెద్దాయన గురించి వారి పొరుగావిడ కూరల కొట్టు దగ్గర ఎవరితోనో అంటే, ఆ ఎవరో మా ఇంటావిడ చెవిన వేస్తే, ఆవిడ అన్నంతో పాటు నాకు వడ్డించింది. నిజమేనని ఒప్పుకున్నాను. "మరి మీరూ అదే ఆఫీసు కదా" అని ఆవిడ నా వంక ఒక చూపు చూసి ఊరుకుంది.

ముప్పై నాలుగేళ్ళ కిందట జూన్ పదకొండో తేదీన, ఒక అరిగిన తోలుసంచీతో, కష్టపడి నేర్చుకున్న పొరుగు దేశపు భాషతో మన విశ్లేషణ విభాగంలో అడుగుపెట్టిన మా పెద్దాయన, ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. భాగ్యమని రాశాను గానీ, కలం మాత్రం మొండికేసిన ఎద్దులా కదలనంటోంది.

వారు చదివినవి పత్రికలే. పొరుగు దేశపు పత్రికలు, అక్కడి ధాన్యం ధరలు, రేడియో ప్రసంగాలు, మన రాయబార కార్యాలయాలు పంపే నివేదికలు. సంతలో ఎద్దుల బేరానికి వెళ్ళేవాడికి, అమ్మేవాడు ఎందుకు అమ్ముతున్నాడో, ఎంత దాకా దిగుతాడో, ఏ మాటంటే తాడు పట్టుకుని ఇంటికి పోతాడో ముందుగా చెప్పిపెట్టడం ఎలాంటిదో, చర్చలకు వెళ్ళే దౌత్యవేత్తలకు మన విభాగం చేసే సేవ అలాంటిది. ఏం చేయాలో మనం చెప్పం. ఎదుటివాడు ఏమిటో చెబుతాం. కాగితం అందించాక నోరు మెదపకూడదన్నది మన ధర్మం. ఆ ధర్మాన్ని వారు పాటించినంత నిష్ఠగా మరెవరూ పాటించలేదు.

మన విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. కాగితం ముందు వైపు అందరమూ ఒప్పుకున్న అంచనాను టైపు చేస్తాం. ఎవరికైనా సందేహం ఉంటే, దాన్ని వెనక వైపు స్వహస్తాలతో రాసి సంతకం పెట్టాలి. పెద్దాయన రాయని వెనక వైపు లేదు. ప్రతిదీ "అయితే" అని మొదలయ్యేది కనుక, మేమంతా చాటున వారిని 'అయితేగారు' అనేవాళ్ళం. చాటున అనుకున్నాం, ఒక రోజు ఫోనెత్తి వారే "అయితేగార్నే మాట్లాడుతున్నాను" అన్నారు. కొత్తగా చేరిన నాకు వారు మొదటి రోజు చెప్పిన పాఠం: "ముందు వైపు మన తెలివి, వెనక వైపు మన భయం. రెండూ చదివినవాడే చర్చల బల్ల దగ్గర కూర్చోవాలి."

సర్వీసులో తొమ్మిదో ఏట పొరుగు దేశం సరిహద్దుకు సైన్యాన్ని తరలించినప్పుడు, యుద్ధం తప్పదని ముందు వైపు రాశారు. వెనక వైపు వీరు రాసింది: "అయితే, వారి వేసవి సెలవుల రైళ్ళలో ఒక్కటీ రద్దు కాలేదు. యుద్ధానికి పోయేవాడికి ముందు కావలసింది రైళ్ళే." అప్పటి రాయబారి ఆ కాగితం తిప్పి చదివారు. పంపబోయిన కఠినమైన లేఖను చించి, మెత్తని లేఖ పంపారు. నెల తిరక్కుండా సైన్యం వెనక్కి మళ్ళింది. ఆ రాయబారి స్వయంగా మన మూడో అంతస్తుకి మెట్లెక్కి వచ్చి, "మీ వెనక పేజీ పట్టుకునే వెళ్ళానండీ" అని చేయి కలిపారు. ఆ ఒక్క కరచాలనం మీద పెద్దాయన మిగిలిన ఉద్యోగమంతా బతికారు.

పద్నాలుగేళ్ళ కిందట ఎక్కడో ఒక రహస్యం పొక్కడంతో కొత్త ఉత్తర్వు వచ్చింది. అసలు కాగితం మన బీరువాలోనే ఉండాలి, పైకి కాపీ మాత్రమే వెళ్ళాలి, పని కాగానే ఆ కాపీ తిరిగొచ్చి బూడిద కావాలి. కాపీ గదిలో ఉద్యోగి దేన్నీ చదవకూడదు.

మరో మూడేళ్ళకు సరిహద్దు నది వంతెన మీద రాకపోకల గురించి చర్చలొచ్చాయి. వాళ్ళు సంతకం పెడతారని ముందు వైపు రాశాం. వెనక వైపు వీరి దస్తూరీ: "అయితే, మొదటి రోజు పచ్చిక భూముల తగాదా ఊసెత్తితే లేచిపోతారు." మనవారు మొదటి పూటే ఎత్తారు. వాళ్ళు లేచిపోయారు. వంతెన మూతపడింది, ఇప్పటికీ తెరుచుకోలేదు.

మన కార్యాలయం డ్రైవరు అక్కను ఆ అవతలి ఒడ్డున ఇచ్చారు. తల్లి పోయినప్పుడు ఆమెకు చివరి చూపు దక్కలేదు, ఫోన్లోనే ఏడ్చింది. అప్పుడతను, "ఇలా అవుతుందని మనవాళ్ళకి ఎవరూ చెప్పలేదా సార్?" అని అడిగితే, "చెప్పాం నాయనా, వినలేదు" అన్నారు పెద్దాయన. వినకపోవడం వినేవారి హక్కని, చెప్పడం వరకే తమ పూచీ అని, పదకొండేళ్ళు ఆ మాటనే దిండుగా పెట్టుకుని పడుకున్నారు.

ఈ నెల మొదటి వారంలో నాకు బాధ్యతలు అప్పగిస్తూ బీరువా తెరిచాం. ఆనాటి వంతెన చర్చల బృందం నాయకుడు అంచుల్లో ఏవో రాసుకున్నందువల్ల కాల్చకుండా సీలు వేసి దాచిన కాపీ ఒకటి దొరికింది. పెద్దాయన దాన్ని తిప్పారు. తెల్లగా ఉంది.

కాపీ గది ఉద్యోగిని పిలిచాం. "చదివితే ఉద్యోగం పోతుందన్నారు సార్. తిప్పితే చదివినట్టే కదా" అన్నాడు. అతని తప్పేం లేదు. పద్నాలుగేళ్ళూ ఆ కాగితాలు ఆ గదికి మోసి, తెచ్చిన కాపీలు లెక్కపెట్టి కవర్లలో పెట్టింది నేను. నేనూ తిప్పలేదు. తిరిగొచ్చినవన్నీ బూడిదయ్యాయి కనుక, ఎవరికీ అనుమానం రాలేదు. పద్నాలుగేళ్ళ 'అయితే'లు బీరువా దాటలేదు. పెద్దాయన ఆ తెల్లకాగితాన్ని మడతపడకుండా యథాస్థానంలో పెట్టి, జాబితాలో ఎదురుగా టిక్కు కొట్టి, "తరవాతది" అన్నారు.

వారు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు జీవించాలని, కళ్ళు బాగున్నంత కాలం తమ కోసం మాత్రమే పత్రికలు చదువుకోవాలని, సహధర్మచారిణిగారితో, మనవరాలితో కాలం ప్రశాంతంగా గడపాలని మా విభాగం మనసారా కోరుకుంటోంది. ప్రశాంతంగా అన్న మాటను రెండుసార్లు కొట్టేసి, మళ్ళీ రాశాను.

మొన్న సాయంత్రం వారి పుస్తకాల పెట్టెలు ఇంటికి చేర్చడానికి నేనూ కారులో వెళ్ళాను. దారిలో పెద్దాయన డ్రైవరుతో, "ఆ రోజు నీకు చెప్పింది నిజం కాదు నాయనా. వెనక రాసింది వాళ్ళకి చేరనే లేదట" అన్నారు. అతను గేటు ముందు కారాపి, ఇంజను కట్టేసి, వెనక్కి తిరిగాడు.

"చర్చలకెళ్ళే రోజు ఆ నాయకుడుగార్ని విమానం దగ్గర దించింది నేనే సార్. మీరు ఆయన పక్కనే కూర్చున్నారు. నలభై నిమిషాలు. ఎండల గురించి మాట్లాడారు, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడారు. ఆ కాగితం ఒకసారి తిప్పి చూడండి అని ఒక్క మాట అనడానికి మీకు నోరెందుకు రాలేదు?"