బానెట్ మీద పసుపు చెయ్యి

హలో… ఆ, నేనే. వినోదనే. చెప్పన్నా.

…ఉన్నడు. ఇంట్లనే ఉన్నడు. ఫోన్‌కు రాడు… ఎందుకంటే నేను ఇయ్య. ఏమున్నా నాతోని మాట్లాడు.

…ఆఫీసు ముచ్చటనే, కాదన్ననా? నీ ఆఫీసుల కంప్యూటర్ ముంగట కూసొని ఆ కారు బొమ్మ చేసినోడు నా మొగడు. గందుకే నాకు గూడ ముచ్చటనే.

…ముట్టింది. నువ్వు పంపిన కాయిదం నిన్ననే ముట్టింది. సదివిన… ఔ, నేనే. ఇంగ్లీషుల రాపిస్తే వినోదకు తెల్వదనుకున్నవా? తెల్వని కాడ మీ బావ చెప్పిండు. చెప్పుకుంట చెప్పుకుంట నడుమల ఆగిండు.

…ఏం రాసినవో నీకు నేను చెప్పాల్నా? 'మా కంప్యూటర్ ఆటల ఉన్న కారును, అసలు కంపెనీ కారు చూసి ధర్మేందర్ తనంతల తానే దించిండు. ఓనర్ చెప్పలే, ఓనర్‌కు తెల్వదు.' గదే గదా? …మెల్లగనే మాట్లాడుతున్న. గట్టిగ మాట్లాడితే షామీర్‌పేట చెరువు కట్ట దాంక వినవడ్తది.

…ఉత్త సంతకమేనా? గంత ఉత్తదైతే నువ్వే పెట్టుకో. బిల్డింగు మీద బోర్డు నీదే గదా. ఆట అమ్మిన పైసలు నీవే గదా. సంతకం కాడికి వచ్చేసరికి మీ బావ యాదికొచ్చిండా?

…వకీలు చెప్పిండా. నీ వకీలు నీకు గట్లనే చెప్తడు. నీ ఫీజు తిన్నోడు మా గురించి ఎందుకు చెప్తడు?

…నోటీసు ఇచ్చింది కారు కంపెనోల్లు. నేనియ్యలే. వాళ్ల బండి ముంగటి జాలీ, లైట్లు, డోర్ల వంపు — ఉన్నదున్నట్టు దించుకున్నరు, ఒక్క మాట అడగలే, సీడీలు జేసి అమ్ముకున్నరు అని వాళ్లు గరమైండ్రు. గరం గారా మరి?

…మార్చినవు, నాకెరికే. వాళ్ల గుర్తు పీకి 'చిరుత' అని పేరు పెట్టినవు. పిల్లి కండ్లు మూసుకొని పాలు తాగిందట. మన బర్రెను ఎవడన్న కొట్టుకపోయి, దానికి వేరే పేరు పెట్టి అంగట్ల కట్టేస్తే, అది వాని బర్రె అయితదా? …నవ్వకు. నేను నవ్వులాటకు చెప్తలేను.

…అందరు చేస్తున్నరు. చేస్తే చెయ్యనీ. దొరికితే దొంగ, లేకుంటే దొర. నువ్వు దొరికినవు. దొరికినంక దొంగతనం ఇంకొగని నెత్తి మీద పెడ్తనంటే ఎట్లన్నా?

…ఏంది? మీ బావ ముందుగాల ఎందుకు చెప్పలేదా? ఓ పారి మల్ల అను. …చెప్పిండు. ఒక్కపారి గాదు. 'ఎల్లేష్, ఇది కంపెనోల్ల డిజైన్, అడిగి పెడదాం, లేకుంటే నేను సొంతంగ ఒక బండి గీస్త' అని మా వాకిట్ల నిలవడి చెప్పిండు. నువ్వేమన్నవు? 'అడిగితే ఇయ్యరు బావా. అడగకుంటే ఎవనికి తెలుస్తది?' అన్నవు. నేను నీళ్లు తెచ్చి ఇచ్చుకుంట విన్న.

—ఏమయ్యా, నువ్వు కూసో. నువ్వు నోరు తెరిస్తే 'పెడ్త తియ్' అంటవు. పొద్దున సంది గదే పాట. నేను మాట్లాడుతున్న గదా—

…ఔ, ఆయనతోనే అంటున్న. ఆయన మెత్తటి మనిషి, గది నీకు మస్తు ఎరుక. 'మీ అన్నతోని పంచాది పెట్టుకుంటే నీకు పుట్టిల్లు లేకుంట పోతది వినోదా, సంతకం పెట్టేస్త' అంటాండు. ఆయన నా పుట్టింటి గురించి సోంచాయిస్తాండు. నువ్వు నీ చెల్లె ఇంటి గురించి సోంచాయించినవా?

…ఏమయితదా? కంపెనోల్లు సక్కగ మీ బావ మీదికి వస్తరు. కోర్టు సుట్టు తిరుగుడు. గదొక్కటే అయితే తిరుగుతమన్నా, కాళ్లు లెవ్వా మాకు. గని డిజైన్ దొంగ అని పేరు పడ్డంక ఇగ ఈ పట్నంల ఏ కంపెనోడు ఆయనను కంప్యూటర్ ముట్టనిస్తడు? ఆయనకు ఇంకో పని రాదు. ఆయన చేతుల ఉన్నదే గా బొమ్మల పని.

…నువ్వు చూసుకుంటవా. నీ చూసుకునుడు నాకెరికలేదా? జీడిమెట్లల ప్లాస్టిక్ షెడ్డు బందు జేసి గుండ్లపోచంపల్లిల గీ ఆటల కంపెనీ తెరిచినప్పుడు ఏమన్నవు? మంచిగ ఫ్యాక్టరీల డ్రాయింగులు గీసుకునే మనిషిని 'రా బావా, కంపెనీల ఇంటోడు ఒక్కడుండాలె' అని గుంజకపోయినవు. ఇంటోడు ఎందుకు గావాల్నో ఇప్పుడు సమజైంది నాకు.

…ఆటల కార్లు గుద్దుకొని డోర్లు ఊడేది గూడ ఆయన తెలివేనా? ఆహా. కంపెనోల్లకు అన్నిటికన్నా మండింది గదే. 'మా కారు సొట్టలు పడ్డట్టు, బానెట్ లేసిపోయినట్టు చూపెడితే రేపు మా కారు ఎవరు కొంటరు' అని రాసిండ్రు. డోర్లు ఊడాలె, అద్దాలు పలగాలె, గప్పుడే పోరగాండ్లకు మజా వస్తదని ఎవరన్నరు? వదినను అడుగు. వదినకు యాదుంటది.

…ఏంది, ఏంది? రోడ్డు మీద ఎవలదో కారు ఆగి ఉంటే ఫోటోలు తీసుకొని చేసిండని చెప్పాల్నా? గిది కాయిదంల లేకుండె. ఇది కొత్తదా? …గా ఫోటోలు ఎక్కడ తీసిండ్రు అన్నా? ఎవల కారు అది? …చెప్పు.

…నేను చెప్త. నీ కారు. నువ్వు కొత్తగ కొని, పూజకు మైసమ్మ కాడికి తెచ్చినప్పుడు తీసిన ఫోటోలు. కోడి కోసినంక, నిమ్మకాయలు తొక్కిచ్చినంక, నువ్వే నిలవడి 'బావా, ముంగట తియ్యి, పక్కకు తియ్యి, ఎన్కకెల్లి తియ్యి, ఆటకు పనికొస్తది' అని తీపిచ్చినవు. ఎండల నిలవెట్టి తీపిచ్చినవు.

…తుడువాలెనా? బొమ్మల బానెట్ మీదున్న ఆ పసుపు తుడవకపోవుడు మీ బావ తప్పంటవు?

…నాకెరికే. దొరికిచ్చింది ఆ పసుపే. సొంతంగ గీసిన కారైతే దాని బానెట్ మీద పసుపు చెయ్యి ఎట్ల వస్తది, అసలు కారు ఫోటోలు తీసి అతికిచ్చిండ్రని పట్టుకున్నరు. ఆ చెయ్యి నాది. పెండ్లి ఇంటి గోడకు అద్దినట్టు అద్దిన. 'మైసమ్మ తల్లీ, మా ఎల్లేషన్న సల్లగుండాలె, బండికి ఏ ఆపద రావద్దు' అని మొక్కి అద్దిన. నా పాణం పెట్టి అద్దినన్నా. ఇయ్యాల దాన్ని తప్పంటున్నవు.

…తుడుస్తనన్నడు. కంప్యూటర్‌ల తుడుసుడు ఆయనకెంత సేపు? నువ్వే వద్దన్నవు. మా ఇంట్ల కూర తినుకుంట అన్నవు. 'మైసమ్మ ముంగట పెట్టిన పసుపు బావా, తుడిస్తే అరిష్టం. ఉండనీ, కలిసొస్తది' అన్నవు. …అనలేదా? మైసమ్మ మీద ప్రమాణం జేసి అను.

…ఊ. అనవు. నాకు తెలుసు.

…ఆ చెయ్యిని ఎవలు గుర్తువడ్తరు అంటవా? అన్నా, మంచిగ చూసినవా ఆ బొమ్మ? నాలుగు వేళ్లే ఉన్నయి. ఉంగరం వేలు జాగల ఖాళీ ఉన్నది. షామీర్‌పేటల నాలుగు వేళ్లోల్లు ఎంతమంది ఉన్నరు? కోర్టోల్లు వచ్చి 'అమ్మా, చెయ్యి సాపు' అంటే నేను ఏం చెప్పాలె?

…పాతయి నేను తవ్వుతలేను. నువ్వే తవ్విపిస్తున్నవు. ఆ వేలు ఏడ పోయింది? నీ ప్లాస్టిక్ షెడ్డుల నేను పని చేసేటప్పుడు, నీ ప్రెస్ మిషన్ కింద. చేతికి అడ్డం పెట్టే జాలీ ఇరిగిపోయిందని చెప్పినా నువ్వు కొత్తది పెట్టలే. దవఖానకు ఫ్యాక్టరీలు చూసే సార్ వస్తడని, 'చెల్లే, ఇంటి కాడ గడ్డి మిషన్ల పడ్డదని చెప్పు, లేకుంటే షెడ్డు బందైతది' అని నా కాళ్ల కాడ కూసున్నవు. చెప్పిన. రక్తం కారుతుంటే చెప్పిన. అన్న గదా అని చెప్పిన.

…ఔ, ఏడ్చినవు. నేను కాదన్ననా? నువ్వు ఏడ్సుడు చూసే నేను చెప్పిన.

…లేదు. ఇప్పుడు గట్ల అబద్దం చెప్ప. అప్పుడు వేలు పోయింది, ఊకున్న. వేలు నాది. ఈపారి మనిషి పోతడు. ఆయనను నేను ఇయ్య.

…అవ్వను నడుమల తేకు. అవ్వకు చెప్తే చెప్పుకో. సంతకం సంగతి గూడ చెప్పు మరి. అది దాసి, 'వినోద నా మీద కోర్టుకు పోతాంది' అని సగం చెప్పకు.

…నీ మీద గాదు. అడిగితే ఉన్నది చెప్త. పసుపు నేను పెట్టిన, కారు మా అన్నది, ఫోటోలు తియ్యమన్నది మా అన్న, తుడవొద్దన్నది మా అన్న. ఇగ అది నీ మీద అయితే నేనేం జెయ్యాలె?

…గుమ్మం తొక్కొద్దా?

…

…ఉన్న. ఇంటున్న. …లేదు, ఏడుస్తలేను. …ఆ, ఏడుస్తున్న. ఏడ్వనా మరి? నా అన్న నన్ను ఇంటికి రావొద్దంటే నవ్వుతనా? చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకొని జాతరకు తీస్కపోయినోనివి. నీ మీద పాణం కొట్టుకుంటది నాకు. కొట్టుకున్నా సరే, సంతకం మాత్రం కాదు.

…ఇను. ఒక్క మాట ఇను, కోపం జేయకు. రేపు నువ్వూ వస్తే ముగ్గురం పోదాం. సికింద్రాబాద్‌ల ఉన్నడట గదా ఆ కంపెనీ వకీలు. తప్పైంది అందాం. ఉన్న సీడీలు ఆపుతం, ఆ కారు తీసేస్తం అందాం. మీ బావ కొత్త బండి గీస్తడు. ఎవలదీ గాని బండి, ఆయన సొంత బండి. జీతం ఇయ్యకు, ఉత్తగ గీస్తడు. …నేనడిగితే గీస్తడు.

…మీ వకీలు ఒప్పుకోడా. నువ్వు ఒప్పుకుంటవా? నేను అడిగేది నిన్ను.

…సరే. అదిగూడ ఇడిసిపెట్టు. కోర్టు వద్దు, వకీలు వద్దు. నీ బావ గీడనే ఉన్నడు, గోడకు ఆనుకొని నిలవడ్డడు. నిన్నటి సంది బువ్వ సక్కగ తింటలేడు. ఆయనకు ఒక్క మాట చెప్పు. 'నేను చెయ్యమంటేనే చేసినవు బావా' అను. గంతే. ఎవలు రాసుకోరు, ఎవలకు చెప్పం. ఆయన చెవుల పడితే చాలు. …అంటవా? …ఊ అన్నవు గదా? ఇస్తున్న.

—ఇంద, పట్టు. మాట్లాడు. నీతోని మాట్లాడ్తడట. …పట్టయ్యా—

…

—ఏమన్నడు? …ఏమన్నడో చెప్పరాదు. …గంతేనా? 'సంతకం అయిందా బావా' అన్నడా? …ముందుగాల గదేనా? …ఇంకేం అనలేదా?—

—ఇటియ్యి ఫోన్—

హలో. …నేనే. కాలే అన్నా. సంతకం కాలే, కాదు. …ఇగ నువ్వేం చెప్పకు. పొద్దుగాల మొదటి బస్సుకు మేమిద్దరం సికింద్రాబాద్, ఆ కంపెనీ వకీలు కాడికి పోతున్నం. నీకు తెల్వకుండ పోయిన్రు అనొద్దు, గందుకే చెప్తున్న. …ఉంట.