చొక్కా తొడుక్కున్నదెవరు

నీలం చొక్కాను ఆమె ఇస్త్రీ బండి మీద విసిరినంత పని చేసింది. బొగ్గులు విసురుకుంటున్న ఇస్త్రీ అతను చెయ్యి ఆపాడు.

"ఇది మా ఆయన చొక్కాయేనా?"

"మీదేనమ్మా. ఇందాకే కదా పట్టుకెళ్ళారు."

"మరి ఈ సెంటు వాసనేంటి? మా ఇంట్లో ఎవరూ సెంటు కొట్టుకోరు."

"పక్క బట్టల వాసన అంటుకునుంటుందమ్మా."

"కాలరుకి పౌడరు కూడా పక్క బట్టలే రాశాయా? శనివారం ఉతికిచ్చాను. అప్పట్నుంచీ నీ దగ్గరే ఉంది. తొడుక్కుని ఎక్కడ ఊరేగావు?"

"అయ్యో, నేనెందుకు తొడుక్కుంటానమ్మా!"

"నువ్వు కాకపోతే ఇంకెవరు? మా ఆయన వచ్చి తొడుక్కెళ్ళి, మళ్ళీ నీకే ఇచ్చారా?"

అతను నీళ్ళ గిన్నెలోకి చూశాడు.

"నిన్న ఆదివారమంతా ఆయన మిల్లులో డ్యూటీలో ఉన్నారు. మాట్లాడవేం?"

"తప్పయిపోయిందమ్మా. నేనే వేసుకున్నాను. మా బావమరిది పెళ్ళికి."

ఆమెకు ఊపిరాడినట్టయింది.

"ఆ ముక్క ముందే ఏడవచ్చుగా! ఏవేవో అనుకుని చచ్చాను."

"అయ్యగారికి చెప్పకండమ్మా."

"చెప్పన్లే."

చొక్కా తీసుకోబోతూ ఆమె ఆగింది. బండి అంచు మీదికి పొంగుకొచ్చిన అతని పొట్టను చూసింది. ఏళ్ళ తరబడి చూస్తున్న పొట్టే. చొక్కా విప్పి అతనికి ఆనించింది. గుండీలకూ కాజాలకూ మధ్య జానెడు ఎడం.

"ఒక్క గుండీ పెట్టి చూపించు."

మడతపెట్టేసిన చీర మీద అతను మళ్ళీ నీళ్ళు చల్లసాగాడు.

"పోనీ ఇది చెప్పు. ఒక్కడే వచ్చాడా?"