ఆ ఫైలు చెరిపింది మా పిల్ల కాదు

నాకు ఈ సంగతి మొదట చెప్పింది మీ ఆఫీసు జీపు తోలే శ్యాంసన్. గిద్దలూరు బస్టాండులో, నలుగురి ముందర. "మీ మనవరాలు కంప్యూటర్ పాడు చేసిందంట పెద్దయ్యా" అన్నాడు.

కూర్చోను సంజీవరావు సారూ. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నలభై ఏండ్లు మేస్త్రీని. నిలబడే పని చేయించిన, నిలబడే చెప్తా.

ఆ నవ్వేంది? సంతకం వరకే వచ్చు నాకు, నిజమే. కానీ మా నాగజ్యోతి మీ దగ్గర చేసే పనేందో తెలుసు. లారీల కాటాకు ప్రోగ్రాం. సీ అనే కంప్యూటర్ భాషలో రాస్తారు. ఏ పేరుకు ఏ కొలత అని ముందే చెప్పిపెట్టే ఫైళ్లుంటాయి, హెడర్లంటారు. అంతే కదా?

కాటా కంపెనీవాళ్లు ఒక హెడర్ పంపినారు. కంప్యూటర్‌కు సొంతంగా ఇంకొకటి ఉంది. రెండిట్లో ఒకే పేరు, కొలత వేరు. రెండూ ఒకచోట చదివేసరికి ప్రోగ్రాం మొండికేసింది.

నాకు ఇది కొత్తనా? మా ఫ్యాక్టరీ గోడకు ఒక కొలబద్ద ఉండేది, అందరికీ అదే. ఫారిన్ ఆర్డరోళ్లు వాళ్ల బద్ద పంపినారు. దీని ఆరంగుళాల గీతకూ దాని ఆరంగుళాల గీతకూ కలవదు. ఓబులయ్య అనేటోడు గోడ బద్ద గీత గీకేసి కొత్తదానికి సరిపెట్టినాడు. ఆ ఆర్డర్ బాగానే పోయింది. మిగతా పలకలు ఒక్కటీ చట్రంలో కూర్చోలేదు. వానితో నేను ఈ రోజుకీ మాట్లాడను.

మీ బామ్మర్ది హరికృష్ణ చేసింది అచ్చం అదే. కంప్యూటర్ సొంత హెడర్ తెరిచి, అడ్డమొచ్చిన లైన్లు చెరిపేసినాడు. కాటా నడిచింది, మీరు ఆయనకు శాలువా కప్పినారు. మరుసటి రోజు మిగతా ప్రోగ్రాములు ఒక్కటీ తయారు కాలేదు. అప్పుడు మా పిల్ల దొరికింది మీకు. ఆయన చెరిపింది ఆ పిల్ల సీట్లో కూర్చొని కదా.

బాగుచేసింది ఎవరు? ఏ హెడర్ ఎక్కడ్నుంచి వస్తుందో కంప్యూటర్‌నే అడిగి, వరుసగా కాగితం మీద రాసుకుంది. చెరిపినదాన్ని ముందున్నట్టే పెట్టింది. కాటావాళ్ల ఫైల్లో పేరు మార్చింది. "కంప్యూటర్ సొంతది ముట్టుకోకూడదమ్మా, దాన్ని నమ్ముకొని ఇంకెన్నో ఉంటాయి" అని వాళ్లమ్మకు చెప్తుంటే గోడ అవతల్నుంచి విన్న.

ఆగండి. ఆ లెటర్ బయటికి తియ్యొద్దు. తప్పు తనదేనని సంతకం పెట్టింది, తెలుసు.

పెట్టించింది నేను.

బస్టాండు నుంచి నేరుగా ఇంటికి పోయిన. ఆ పిల్లను నోరు తెరవనియ్యలేదు. "అందరిదీ చెడగొట్టినదానికి నా ఇంట్లో అన్నం లేదు, ఒప్పుకొని రా" అన్న. పొద్దున్నే వచ్చి ఒప్పుకుంది. నేను గోడ అవతల్నుంచి ఇదంతా విన్నది ఆ తర్వాత వారానికి.

ఆ పిల్ల ఇంకో చోట ఉద్యోగానికి పోతే మీ దగ్గరున్న ఆ లెటరే ముందు పోతుందంట కదా సారూ.

దాన్ని చింపొద్దు. దాని కిందనే రాయండి, చెరిపింది హరికృష్ణ అని. సంతకం పెట్టమని బెదిరించింది తాత లక్ష్మీనరసయ్య అని కూడా రాయండి. రాసి నాకు చదివి వినిపించండి. తప్పుంటే చెప్తా.