సీమి రేవులో దుర్గేష్ కెప్టెన్‌గిరీ

కారు నడపాలంటే మూడు మెట్ల లైసెన్సు అడిగే, మేమొచ్చి స్థిరపడ్డ ఈ దేశం, సరదా బోటు నడపాలంటే ఏ లైసెన్సూ అడగదు. ఆ ఒక్క సందు చాలు దుర్గేష్ దూరడానికి. రేపు ఆదివారం పిక్నిక్‌కి మావాళ్ళు అద్దె బోటు మాట్లాడారు. నడిపేది ఎవరో ఫారంలో పేరు రాయాలి. నేనే నడుపుతానన్నాడు దుర్గేష్. ఫ్లాట్ బుష్ పేటలో కుసుమ ఇంటి వెనక డెక్ మీద కూర్చున్నాం. ఫారం రాజారావు అంకుల్ చేతిలో ఉంది, బజ్జీల పళ్ళెం దుర్గేష్ ఒళ్ళో ఉంది. ఎదురుగా శిరోమణి. మౌంట్ ఆల్బర్ట్‌లో ముసలివాళ్ళ హోమ్‌లో నర్సు. ఆవిడ పదేళ్ళ కూతురు లవ్లీ రేపు ఆ బోటెక్కుతుంది. ఆ పిల్లకి ఈత రాదు. అందుకని ఆవిడ దుర్గేష్‌ని ఒక్క ప్రశ్న అడిగింది.

"తమ్ముడూ, నువ్వెప్పుడైనా బోటు నడిపావా?"

అడిగిన పాపానికి అందరం విన్నాం.

"భలే అడిగితివక్కా! గ్రీసులో సీమి అని ఒక దీవి. పేరు చూడు, మన రాయలసీమకి చుట్టమే. పోయినేడు ఏథెన్స్‌లో ఆఫీసు కాన్ఫరెన్సు అయినాక ఒక్కణ్ణే పోతి. రేవు గుర్రపు లాడం మాదిరి వంపు తిరిగి ఉంటాది. చుట్టూ కొండ, కొండ నిండా పసుపు, గులాబీ రంగు ఇండ్లు, ఒకదాని నెత్తిన ఒకటి, బొమ్మల కొలువు మాదిరి. నీళ్ళంటావా, అడుగున చేప రెప్ప కొట్టినా కనబడతాది."

"చేపకి రెప్పలుండవు," అంది కుసుమ.

"సీమి చేపకుంటాయి. రేవు నుంచి పై ఊరికి ఐదొందల మెట్లు. ఊరికే ఎక్కితే ఏముంది? మొదటి మెట్టు కాడ ఒక గాడిద అలిసిపోయి కూలబడుండె, పాపమని దాన్ని గూడా ఎత్తుకొని ఎక్కితి. పైనంతా వాము వాసన కొట్టే ఆకులు, రాళ్ళు, మేకలు. ఎండ చూస్తే మన కడప ఎండ దాని ముందు ఫ్రిజ్జు. పైకి పోయినాక ఆ గాడిద దిగి నా కాళ్ళకాడ తలొంచె."

"సాటి ప్రాణిని గుర్తుపట్టుంటుంది," అంది మళ్ళీ కుసుమే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఊరోళ్ళు పూర్వం స్పాంజి కోసం సముద్రంలో మునిగేటోళ్ళంట. నేనూ మునిగితి. పది నిమిషాలే ఉందామనుకుంటి, ఇరవై ఐదాయె."

"ఊపిరి?" అంది శిరోమణి.

"పనిలో పడి మర్చిపోతినక్కా. దున్నపోతంత స్పాంజి పీకితి. అది పైకొచ్చేలోపల రేవులో నీళ్ళన్నీ పీల్చేసె! పడవలన్నీ బురదలో కూలబడె. ఊరంతా లబోదిబోమనె. అప్పుడు నేనే దాన్ని తువ్వాల పిండినట్టు పిండితే రేవు మళ్ళీ నిండె. కొంచెం నీళ్ళు మిగిలితే పక్క దీవికిస్తి."

అంకుల్ పెన్ను మూత తీశాడు. శిరోమణి ఆ పెన్ను వంకే చూస్తోంది.

"అసలు సంగతి ఇప్పుడు. తిరిగొచ్చే ఫెర్రీ. నాలుగొందల మంది. గట్టు వదిలిందో లేదో గాలి లేచె. అల ఒక్కోటి ఇక్కడి స్కై టవరంత ఎత్తు. కెప్టెన్ దిక్కులు చూస్తుండె. 'పక్కకి జరుగు పెద్దాయనా' అని స్టీరింగ్ నేను పట్టుకుంటి. ఎదురుగా రెండు బండలు, నడుమ మన ప్రొద్దుటూరు బజారు సందంత సందు. ఫెర్రీని ఆటో మాదిరి ఒక పక్కకి వంచి రెండు చక్రాల మీద..."

"ఫెర్రీకి చక్రాలేమిటయ్యా?" అన్నాడు అంకుల్.

"లేకుండా నడిపితి గాబట్టే గొప్ప! దూర్చి అవతలికి తీస్తి. మళ్ళీ రేవుకి తిప్పితి. గట్టు మీద ఊరు ఊరంతా చేతులెత్తి ఒకటే కేకలు, 'ఓహీ! ఓహీ!' అని. మనం ఓహో అంటాం, వాళ్ళు ఓహీ అంటారు, అంతే తేడా. బోటు ఆపి, 'కెప్టెన్, నేనింక దిగిపోనా?' అని ఇంగ్లీషులో అడిగితి. ఆయన రెండు చేతులూ జోడించి, కండ్లనిండా నీళ్ళతో 'నే! నే! నే!' అనె. నో, నహీ, నే... ఏ భాషలోనైనా 'న' అంటే వద్దనే గదా! పోవద్దని బతిమాలె. మనసు కరిగిపాయె. కానీ ఏం చేద్దు, లీవు లేదు, దిగితి."

అంకుల్ ఫారంలో దుర్గేష్ పేరు రాసేశాడు.

శిరోమణి టీ కప్పు కింద పెట్టింది. "మా హోమ్‌లో ఒక గ్రీకు మామ్మ ఉంది తమ్ముడూ. తొంభై ఒకటి. మతిమరుపులో ఇంగ్లీషంతా పోయింది, పుట్టిన భాష ఒక్కటే మిగిలింది. నాలుగేళ్ళుగా నేనే తినిపిస్తున్నా. మాత్ర చూపిస్తే 'ఓహీ' అని నా చెయ్యి తోసేస్తుంది. ఐస్‌క్రీమ్ చూపిస్తే 'నే, నే' అని నోరు తెరుస్తుంది."

"అంటే?" అన్నాడు అంకుల్.

"ఓహీ అంటే వద్దు. నే అంటే ఔను. గట్టు మీద ఊరంతా వద్దు వద్దని మొత్తుకుంది. దిగిపోనా అంటే, దిగు నాయనా, దిగు, దిగు అని కెప్టెన్ దండం పెట్టాడు. ఇంత కథలోనూ నేను నమ్మింది ఆ రెండు ముక్కలే అంకుల్. అవి కల్పించాలంటే ఆ భాష వచ్చుండాలి."

దుర్గేష్ నోట్లో బజ్జీ నమలడం ఆగిపోయింది. "యాస తేడా ఉండొచ్చక్కా... సీమి గ్రీకు వేరే..."

"ఈతొచ్చా నీకు?"

దుర్గేష్ ఒళ్ళోని బజ్జీల పళ్ళెం తీసి ఆవిడ ముందుకి జరిపాడు.

అంకుల్ పేరు కొట్టేశాడు. "బోటువాళ్ళ మనిషినే నడపమని ఫోన్ చేస్తాను. మరి ఇతన్ని ఎక్కడ రాయను?"

"కింద ఈత రానివాళ్ళ లైఫ్ జాకెట్ల వరసలో, లవ్లీ పేరు తర్వాత రాయండి," అంది కుసుమ.

"సైజు?"

"ఎక్స్‌ట్రా లార్జ్," అన్నాడు దుర్గేష్ మెల్లగా.

ఆ మధ్యాహ్నమంతా అతను పెంచకుండా చెప్పిన కొలత అదొక్కటే.