కాలర్ లోపలి ఎర్ర దారం

మధ్యాహ్నపు ఎండలో దూది నలుసులు తేలుతున్నాయి. కుట్టుమిషను చప్పుడులో దర్జీ పెద్దమ్మకి కలలో ఉన్నట్టే ఉంది. ఎదురుగా ఒక తల్లి, కూతురి కొత్త గౌను తిరగేసి చూసింది.

“పెద్దమ్మా, కాలర్ లోపల పాప పేరు, బ్లడ్ గ్రూపు కుట్టావేంటి?”

“కుట్టానా? చెయ్యి దానంతటదే కుట్టేసినట్టుంది. అప్పట్లో పిల్లలు తప్పిపోతారని పూటకి నలభై కాలర్లు కుట్టేదాన్ని తల్లీ.”

“యుద్ధం ఆగి ఇరవయ్యేళ్లయింది.”

“నా చేతికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి. ఇలా తే, విప్పేస్తాను.”

“చిన్నప్పుడు నా గౌనుకీ నువ్వే కుట్టావు. అది చదివే నన్ను శిబిరం నుంచి అమ్మ దగ్గరికి చేర్చారు.”

“గుర్తుంది. జేబు నిండా గులకరాళ్లతో తిరిగొచ్చావు.”

“అవునుగానీ, పాప గ్రూపు నీకెవరు చెప్పారు?”

“కొలతలిస్తూ నువ్వే చెప్పావు. నేను అడగలేదు.”

తల్లి గౌను ఆమె చేతికిచ్చింది. పెద్దమ్మ మిషను ఆపి, ఎర్ర దారాన్ని ఒక్కొక్క కుట్టే విప్పింది. అక్షరాల చోట సన్నని చిల్లులు మిగిలాయి. గోటితో రుద్దితే అవీ మెల్లగా పూడుకున్నాయి.

“పేరు మటుకు మళ్లీ కుడతాను. పాపకి ఏ రంగంటే ఇష్టం?”

“తెలీదు పెద్దమ్మా. ఎప్పుడూ అడగలేదు.”

“బడి వదిలే వేళయింది. వెళ్లి అడిగి రా. అందాకా సూదిలో దారం ఎక్కించను.”